పెద్దనాయిన పగడాలు ముడుచుకున్నాయి

పోయిన నెల ఒక పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దనాయిన లేడు కొడుకా. దుకాణం షట్టర్ ఎత్తబోయి గట్లనే కూసున్నడు. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది" అంది. జనగామలో బయలుదేరి మహబూబాబాద్ ఎట్లా చేరానో నాకు గుర్తు లేదు.

నలభై ఏళ్ళు కిరాణా హోల్‌సేల్ చేసిన మనిషి. మిర్చి బస్తాల మధ్య బతికిన ఆయనకు, సముద్రం వాసనే తెలియని ఊళ్ళో, పగడాల పిచ్చి ఎక్కడ పట్టుకుందో ఎవరికీ తెలియదు. హాల్లో మంచమంత గాజుతొట్టి, అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళకు అతుక్కుని బతికే పగడాలు. ఇంటికొచ్చినవాళ్ళు ఉంగరంలో పెట్టుకునేదేనా అని అడిగితే ఒంటికాలిమీద లేచేవారు. "గది రాయి కాదు. నోరున్న జీవి. దానికీ ఆకలైతది, దానికీ రంది ఉంటది" అనేవారు.

నేను డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఆ ఇంట్లోనే ఉన్నాను. చాయ్ తాగకముందే తొట్టి ముందు కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పది నిమిషాలు ఊరికే చూసేవారు. నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేవారు. వేళ్ళలాంటి పిలకలు లోపలికి ముడుచుకుంటే ఏదో సరిపడలేదని అర్థం. రంగు పోయి తెల్లబడితే వేడో వెలుతురో ఎక్కువైందేమో చూడాలి. మొదలు దగ్గర తోలు లేచి తెల్లటి ఎముక బయటపడితే ముందుగా నీళ్ళను అనుమానించాలి. "కన్ను పెట్టినంక చెయ్యి పెట్టు. ఒకసారి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే ఏది తప్పో ఎవనికి ఎరుక?" అనేవారు. దుకాణంలో గుమస్తాల మీద అరిచే గొంతు అక్కడ మాత్రం లేచేది కాదు.

ఒక ఎండాకాలం కరెంటు వస్తూ పోతూ, తొట్టి నీళ్ళు వేడెక్కి పగడాలు తెల్లబడటం మొదలైతే, ఫ్రిజ్ నిండా నీళ్ళ సీసాలు గడ్డకట్టించి ఒక్కొక్కటే తొట్టిలో తేలేలా వదిలారు. "పెరుగు పెట్టుకునే జాగ లేదు నాకు. నీ సముద్రానికి సల్లదనం కావల్నా?" అని పెద్దమ్మ పోరుపెట్టింది. అంటూనే ఇంకో సీసా అందించింది. భూపాలపల్లిలో మా చెల్లె పెండ్లికి వచ్చి, అప్పగింతలు కాకముందే బస్సెక్కిన ఘనుడు ఆయన. చెల్లె ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయన పోయాక కర్మలు, చుట్టాలు, వంటలు. పదకొండు రోజులు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆ తొట్టి ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదు. పన్నెండో రోజు పెద్దమ్మే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "గివి మూసుకున్నయి చూడు కొడుకా. ఆయన పానమంత గీండ్లనే ఉండె. జర ఏమన్న చెయ్యి."

చూశాను. ఒక్క పిలక కూడా బయట లేదు. మూడింటికి మొదలు దగ్గర తోలు లేచింది. కంగారులో నేర్చుకున్నదంతా మరిచి, ఒకేరోజు లైటు తగ్గించాను, రాళ్ళు జరిపాను, ఏదో మందు కూడా పోశాను. రెండు రోజుల్లో నాలుగు చచ్చిపోయాయి. కురవి వీరభద్రస్వామికి మొక్కుకున్నాను. పగడాల కోసం ఆ దేవుడికి ఎవరైనా మొక్కుకున్నారో లేదో.

ముందు నీళ్ళను అనుమానించాలన్న మాట అప్పుడు గుర్తొచ్చి, నీళ్ళలో ఉప్పెంతుందో చూసేందుకు ఆయన వాడే గొట్టంలో తొట్టి నీళ్ళు ఒక చుక్క వేసి కంటికి పెట్టుకున్నాను. ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉంది.

"రోజూ నీళ్ళు పోసినవా పెద్దమ్మా?"

"తగ్గినన్ని పోసిన."

"ఉత్త నీళ్ళేనా?"

"ఉత్తయి ఎట్ల పోస్త? సముద్రం జీవులాయె. ఆయన ఆదివారం ఆదివారం బకెట్ల ఉప్పు కలుపుడు నేను చూడలేదా? గట్లనే కలిపి పోసిన."

వారానికోసారి నీళ్ళు మార్చేందుకు ఆయన ఉప్పు కలిపేవారు. రోజూ ఆవిరైపోయిన నీళ్ళకు బదులు మాత్రం ఉత్త నీళ్ళే పోసేవారు. నీళ్ళు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే ఉంటుంది కదా. ఏడుస్తూనే, ఒక్క పూట తప్పకుండా, ఆమె ఉప్పు మీద ఉప్పు పోసింది. చెప్పకుండా దాచాలనుకున్నాను. కానీ చెప్పకపోతే రేపు మళ్ళీ పోస్తుంది. చెప్పాను.

"అయితే నేనే సంపిననా?" అంది.

కాదన్నాను. పదకొండు రోజులు పక్కనే ఉండి చూడనిది నేను, తొందరపడి నాలుగింటిని చంపింది నేను అన్నాను. నమ్మలేదు.

ఉప్పు ఒక్కసారిగా తగ్గిస్తే మిగిలినవీ పోతాయి. అందుకని సెలవు పెంచుకుని ఇక్కడే ఉన్నాను. రోజుకు కొంచెం తొట్టి నీళ్ళు తీసి, తీసినన్నే ఉత్త నీళ్ళు పోస్తున్నాం. ఐదు పగడాలు మిగిలాయి. ఇంకా విచ్చుకోలేదు. విచ్చుకుంటాయని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆయన ఉంటే ఒక్క చూపుకే చెప్పేవారు.

నిన్న పొద్దున బిందెలోంచి మగ్గు ముంచి పెద్దమ్మ చేతికిచ్చాను. తొట్టి మీదికి ఎత్తి ఆగింది. వేలు ముంచి నాలుకకు తాకించుకుని, ఉప్పు లేదని తేలాక పోసింది. రెండో మగ్గూ అట్లాగే పోసింది. మూడోసారికి ఆమె కళ్ళ నీళ్ళు చెంపల మీదుగా పెదాల దాకా కారాయి. వేలు నోట్లో పెట్టుకుని, "ఇవి ఉప్పగున్నయి కొడుకా, వద్దు" అని ఆ మగ్గు పారబోసింది.

అదే బిందెలోంచి ఇంకో మగ్గు ముంచి ఇచ్చాను.