మడతబందుల తాతగారికి ఇళ్ళు మోసిన రోజులు

ఆ రోజుల్లో తలుపు తెరవడానికి మనుషులు మోచేతులు వాడేవారు. లిఫ్టు మీట నొక్కడానికి తాళంచెవి, బేకరీ తలుపు తోయడానికి భుజం, ఎదురుపడిన మనిషిని పలకరించడానికి గాలిలో ఊపే ఒక చెయ్యి. చేత్తో దేన్ని ముట్టుకున్నా తప్పయిపోయిన అలాంటి కాలంలో నేను, చేత్తో చేసిన తలుపుల వెంట, కిటికీల వెంట పిచ్చిదానిలా తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ తిరుగుడే లేకపోతే ఆ ఏడాది ఏమైపోయేదాన్నో అనుకుంటే మాత్రం నవ్వు ఆగిపోయి, ఎవరికో ఒకరికి దండం పెట్టాలనిపిస్తుంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మాస్టర్స్ చదవడానికి బెర్లిన్ వచ్చి ఆరు నెలలైనా కాకముందే యూనివర్సిటీ మూశారు, నేను పనిచేసే కెఫే మూశారు, ఇంటికి పోదామంటే విమానాలూ ఆపేశారు. ఓ పాత అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో వరంగల్ అక్కతో కలిసి ఉండేదాన్ని. (వరంగల్ అక్క నాకు చుట్టమేమీ కాదు, బ్లూ కార్డ్ అనే ఉద్యోగ వీసా మీద వచ్చిన ఐటీ ఉద్యోగిని. నన్ను గద్దించే అధికారం మాత్రం వచ్చిన రోజే తీసేసుకుంది.) ఆవిడ తన గదిలో రోజంతా మీటింగుల్లో ఉంటే, నేను నా గదిలో ఆన్‌లైన్ క్లాసు పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. మూడు వారాలయ్యాక అక్క గుమ్మంలో నిలబడి, "ఏందే, గోడల సినిమా ఏమన్న నడుస్తున్నదా? లే. కింద ముసలోళ్ళున్నరు, సామాన్లు తెచ్చిస్తమని కాయిదం రాసి అంటిద్దాం" అంది. ఆవిడ జర్మన్ కంటే నా జర్మన్ నయం కాబట్టి (గుడ్డి కంటే మెల్ల నయమన్న లెక్కలో) కాగితం నేనే రాసి మెట్ల దగ్గర అంటించాను.

రెండో రోజే ఫోన్ మోగింది. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దాయన. ఎనభై దాటిన వయసు, ఊపిరితిత్తుల జబ్బు, గడప దాటొద్దని డాక్టరు ఆజ్ఞ. "రొట్టె తేనా, పాలు తేనా?" అని అడిగాను. "అవన్నీ మా అమ్మాయి ఇంటికి పంపిస్తుంది. నాకు ఇళ్ళు కావాలి. మీరు తెచ్చిపెట్టగలరా?" అన్నాడాయన. (అక్కడి పెద్దవాళ్ళు మనవరాలి వయసు పిల్లని కూడా 'మీరు' అంటారు. మొదట్లో ఎవరినబ్బా అని వెనక్కి తిరిగి చూసేదాన్ని.) నా చెవులే తప్పు విన్నాయనుకుని మళ్ళీ అడిగాను. "ఇళ్ళే. మీ ఫోన్‌లో కెమెరా ఉంది కదా?"

సంగతేమిటంటే ఆయన వడ్రంగి. నూరేళ్ళ పైచిలుకు కిందట ఇంగ్లండులో కొందరు, యంత్రం చేసిన వస్తువుకి ప్రాణముండదు, ఇంట్లో ప్రతిదీ పనివాడి చేతి మీదుగానే రావాలని పట్టుబట్టారట. ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అనే ఆ పద్ధతికి ముచ్చటపడి, బెర్లిన్ నైరుతి మూల, చెరువుల వైపు, జర్మన్లు కూడా అలాంటి ఇళ్ళు కట్టుకున్నారు. ఆ ఇళ్ళ తలుపులూ కిటికీలూ మెట్లూ నలభై ఏళ్ళు బాగుచేసింది ఈయనే. పని మానేశాక కూడా ప్రతి ఆదివారం వెళ్ళి, పెళ్ళిచేసి పంపిన కూతుళ్ళని చూసుకున్నట్టు వాటిని చూసుకుని వచ్చేవాడట. ఇప్పుడా దారి మూసుకుపోయింది.

మర్నాడే ఎస్-బాన్ రైలెక్కి వెళ్ళాను. ఏటవాలు పెంకుటికప్పులు, ముందు పూలచెట్లు, వెనక నీలాకాశం. నలభై ఫోటోలు తీసి ఆయన టాబ్లెట్‌కి పంపి, తిరిగొచ్చి ఆయన పెరటి కిటికీ బయట గర్వంగా నిలబడ్డాను. ఆయన అన్నీ ఓపిగ్గా చూసి, "మబ్బులు బాగున్నాయి. తలుపు మడతబందు ఏదీ?" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయన పేరు మడతబందుల తాతగారు. వారానికి రెండు మూడుసార్లు వెళ్ళేదాన్ని. గేటు మీద ఇనుప పువ్వుల్లో ఏ రెండు రేకులూ ఒకలా ఉండవని, దూలం మీద ఉలి గాట్లు నున్నగా తీసేయకుండా కావాలనే వదిలారని, కిటికీ అద్దాల మధ్య సీసపు గీత ఎక్కడ వంకర తిరిగిందో అక్కడ పనివాడు ఊపిరి పీల్చుకున్నాడని ఆయన కిటికీ లోపలి నుంచి చెప్తుంటే బయట నిలబడి వినేదాన్ని. నా గది గోడకేసి చూడ్డం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

ఇక అసలు కథ. ఒక ఇంటి వసారా దూలం చివర చెక్కిన ఉడుత ఉంటుందని, దాని తోక కింద నుంచి వెలుగు పడేలా తీయమని తాతగారి ఆర్డరు. రోడ్డు మీద నిలబడితే తోక కనబడదు. వంగితే గేటు అడ్డం. చివరికి కాలిబాట మీద వెల్లకిలా పడుకుని, తల గేటు కింద సందులో పెట్టాను. ఆ రోజుల్లో మాస్కు పెట్టుకోవడం బాధ్యత గల పౌరుల లక్షణం. మాస్కు పెట్టుకుని ఇతరుల గేటు కింద నుంచి దూరడం మాత్రం వేరే వాళ్ళ లక్షణం. ఎదురింటివాళ్ళు పోలీసులకి ఫోన్ చేశారు.

నేను తల బయటికి లాక్కునేసరికి లోపల చెట్లు కత్తిరించే పెద్ద కత్తెరతో ఓ పొడుగాటి మామ్మగారు, బయట ఇద్దరు పోలీసులు. వీసా పొడిగింపు దరఖాస్తు ఆఫీసులో ఉంది, టెర్మిన్ (అంటే అపాయింట్‌మెంటు) ఇంకా రాలేదు. ఈ ఉడుత మూలంగా నన్ను దేశం నుంచి పంపించేస్తారని ఖాయం చేసుకున్నాను. "ఇక్కడేం చేస్తున్నారు?" అని పెద్ద పోలీసు అడిగాడు. చెక్కపని నగిషీని జర్మన్‌లో ష్నిట్‌జెరై అంటారని తాతగారు పదిసార్లు నేర్పారు. భయంలో ఆ మాట సగంలో జారిపోయి, "ఈవిడ ఇంటి ష్నిట్‌జెల్ ఫోటో తీయడానికి వచ్చాను. చాలా పాతది. చాలా అందమైనది" అన్నాను. ష్నిట్‌జెల్ అంటే బ్రెడ్ పొడి అద్ది వేయించిన మాంసం ముక్క. (గుడ్డు కూడా ముట్టని ఇంటి పిల్లని!) పోలీసు నన్నూ గేటునీ చూసి, "రెస్టారెంట్లు మూసి ఉన్నాయి. స్టేషన్ పక్కన పార్సిల్ ఇస్తారు" అన్నాడు ఎంతో మర్యాదగా. మామ్మగారు కత్తెర దించి, "మా ఇంట్లో పాత ష్నిట్‌జెల్ ఏమీ లేదే" అంది.

గత్యంతరం లేక తాతగారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. "ఆ పిల్లని ఏమీ అనకండి! ఆ ఉడుతని తీయమన్నది నేనే!" అని ఆయన అరిచిన అరుపుకి పోలీసులే వెనక్కి జరిగారు. మామ్మగారు మాత్రం గేటు దగ్గరికొచ్చి, "ఆ గొంతు... మా మెట్లు బాగుచేసింది మీరేనా?" అంది. తాతగారు ఎదురు ప్రశ్న వేశారు.

"మూడో మెట్టు ఇంకా కిర్రుమంటోందా?"

"అంటోంది."

"అయితే నేనే. ఆ చప్పుడు తీసేయొద్దని మీ ఆయనే అడిగారు. పిల్లలు చెప్పకుండా బయటికి జారుకుంటే తెలియాలని."

"ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు, మీకు పని రాదనే అనుకున్నాను" అని ఆవిడ నవ్వింది. భర్త పోయి రెండేళ్ళయిందని ఆ నవ్వు తర్వాత చెప్పింది. పోలీసులు నా గుర్తింపు కార్డు చూసి, చేతికిచ్చి, మంచి ఫోటోలు రావాలని దీవించి వెళ్ళిపోయారు. మామ్మగారు కిటికీలన్నీ తెరిచి నన్ను లోపలికి పిలిచింది. చప్పుడుకి ఫోటో తీయలేం కదా, అందుకని వీడియో పెట్టాను. ఆవిడ మూడో మెట్టు మీద కాలు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఆ సాయంత్రం తాతగారు కిటికీ పక్కన కూర్చుని ఆ కిర్రుని ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. పైన వరంగల్ అక్క మాత్రం, "పోలీసులొచ్చిర్రా? వాళ్ళ ముంగట ష్నిట్‌జెల్ అన్నవా?" అని కడుపు పట్టుకుని మూడు రోజులు నవ్వింది. నాలుగో రోజు నాతోపాటు ఫోటోలకి తనూ బయల్దేరింది.

టీకాలు వచ్చాక తాతగారికి టెర్మిన్ పట్టడం నా పనే అయింది. రెండో డోసు అయ్యాక మూడు వారాలాగి ఆయన స్వయంగా వెళ్ళి ఆ మెట్టెక్కి వచ్చారు. ఇప్పుడు నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఆయన సముద్రం పక్కన కూతురి ఊళ్ళో ఉంటున్నారు. నిరుడు ఆయన పుట్టినరోజుకి ఆ ఫోటోలన్నీ పుస్తకంగా అచ్చువేయించి పట్టుకెళ్ళాను. ఒకచోట ఇత్తడి తలుపు పిడి పూర్తిగా మసకగా పడింది. ఫోన్ కెమెరా ఆ పిడిని వదిలేసి, దాని మెరుపులో కనబడుతున్న నన్ను పట్టుకుంది. వేలెడంత పిల్ల, ఊదారంగు కోటు, సగం ముఖం మాస్కు, మిగతా సగం కళ్ళు. ఎంత కంగారో, ఎంత శ్రద్ధో ఆ కళ్ళల్లో! "ఇది పొరపాటున వచ్చింది, తీసేయించాల్సింది" అని క్షమాపణ చెప్పాను. తాతగారు కళ్ళజోడు సర్దుకుని ఆ పిల్లని చాలాసేపు చూశారు.

"పిడి సరిగ్గా రాలేదు" అన్నారు. "అయినా ఈ పేజీ చింపకు."

అన్నేళ్ళలో ఆయన నన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి.