వంతెన మీద మూడో స్తంభం

పోయిన శుక్రవారం పొద్దున కొత్తపేట మార్కెట్లో బత్తాయిలు ఎక్కిస్తుంటే ఫోన్ వచ్చింది. ఎల్బీనగర్‌లో మా డీజిల్ మెకానిక్ ఉస్తాద్ నిద్రలోనే పోయారని వాళ్ళ అల్లుడు చెప్పాడు. "అన్నా, రేపు నీ పికప్ తోలుకొని రా. అత్తమ్మ గదే బండి కావాలంటున్నది" అన్నాడు. ఆ బండి నాకు మిగిలిందే ఆయన వల్ల.

ఉద్యమం రోజుల్లో దాన్ని పాతది కొన్నాను. నెల తిరక్కుండానే నాగోల్ వంతెన ఎక్కేటప్పుడు ఆగిపోవడం మొదలుపెట్టింది. అదీ ఒకే చోట, మూడో కరెంటు స్తంభం దగ్గర. వెనక్కి కిందికి వదిలి, ఫిల్టర్ మీది చేతిపంపు కొడితే మళ్ళీ స్టార్టయ్యేది. నాకు ముందు దాన్ని నడిపిన కుర్రాడు ఆ వంతెన మీదే పోయాడని ఆ తర్వాత తెలిసింది. ఇంకేముంది, బంపర్‌కి నిమ్మకాయలు, మిరపకాయలు, నల్లదారాలు. మా ఆవిడ పిల్లను అందులో కూర్చోనిచ్చేది కాదు. "అమ్మెయ్యరాదు, నీ పానం కంటె ఎక్కువనా" అని రోజూ పోరు. అమ్మితే మాకు ఇంకో బతుకుతెరువు లేదు.

ఉస్తాద్ కళ్ళద్దాలకు ఒక కాడ ఉండేది కాదు. అక్కడ డీజిల్ పైపు ముక్క తొడిగి చెవికి తగిలించుకునేవారు. బానెట్ ఎత్తే ముందు దాని మీద అరచెయ్యి ఆనించి చూసేవారు. "బండి అబద్ధం చెప్పదు తమ్మీ. మనమే సగం అడిగి ఊకుంటం" అనేవారు.

మొదటిరోజు నేను షెడ్డులోకి వెళ్ళేసరికి సాసర్‌లో చాయ్ తాగుతున్నారు. బండిని చూసి సాసర్ కింద పెట్టేశారు. "ఆగిపోతోంది ఉస్తాద్" అన్నానంతే.

"నాగోల్ వంతెన ఎక్కంగనా?" అన్నారు.

నేనింకా వంతెన మాటే ఎత్తలేదు.

డీజిల్ లైనుకు ప్రెషర్ గేజ్ బిగించి రెండు గంటలు ఇంజిన్ నడిపించారు. ముల్లు కదలలేదు. ఇంకో మెకానిక్ అయితే అంతా బాగుందని పంపేసేవాడు. ఈయన మొహం మాత్రం వాడిపోయింది. "షెడ్డుల మంచిగనే ఉంటది. వంతెన మీద చూడాలె. బంద్ రోజు రా. బండ్లు తిరిగేటప్పుడు ఆడ ఆగొద్దు" అన్నారు.

బంద్ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో జెండాలు పట్టుకున్న పిల్లలు మమ్మల్ని ఆపారు. "ఏడికి పెద్దమనిషీ?"

"బండికి పానం బాగలేదు బిడ్డా. మీరు రోడ్డు బందు పెడితెనే దాని రోగం నాకు దొరుకుతది" అన్నారు ఉస్తాద్. పిల్లలు నవ్వి వదిలేశారు.

వాళ్ళను దాటాక మనిషన్నవాడు లేడు. మిట్టమధ్యాహ్నం, అన్ని షట్టర్లూ దించి ఉన్నాయి. సిగ్నల్ లైటు ఎవరికోసమో ఎర్రబడుతోంది, పచ్చబడుతోంది. గేజ్‌ను పొడుగు పైపుతో కిటికీలోంచి తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నారాయన. వంతెన ఎక్కాం. మొదటి స్తంభం, రెండోది. "గిప్పుడు" అన్నారు మెల్లగా. ముల్లు జారిపోయింది. మూడో స్తంభం దగ్గర ఇంజిన్ ఆగింది.

ఉస్తాద్ జేబులోంచి ఎర్రగుడ్డ తీసి, దిగి, ఇరవై అంగలు వెనక్కి నడిచారు. మేము వచ్చిన వైపు తిరిగి గుడ్డ ఊపడం మొదలుపెట్టారు. రోడ్డు మీద పిట్ట లేదు.

"ఎవరూ లేరు గద ఉస్తాద్" అని కేకేశాను.

"ఉండు తమ్మీ, ఇంకొంచెం సేపు" అన్నారు తిరక్కుండానే. నాకు బండిలో ఉండబుద్ధి కాలేదు, దిగబుద్ధీ కాలేదు.

షెడ్డుకొచ్చి ట్యాంకు విప్పారు. లోపల డీజిల్ పీల్చే గొట్టానికి నడిమధ్య వెంట్రుకంత పగులు. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ వెనక్కి పోతే ఆ పగులు పైకి తేలి గాలి పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది. చదును నేల మీద ఏమీ తెలియదు.

ఉస్తాద్ ఆ గొట్టం తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఆ పిలగాడు గూడ నా తానకే తెచ్చిండు. పంపు చేసిన, గేజ్ పెట్టిన, మంచిగున్నదని పంపిన. ట్యాంకు ఇప్పలే. మూడో స్తంభం కాడ ఆగింది, ఎనకనుంచి లారీ గుద్దింది. వాళ్ళమ్మకు పోయి చెప్పుకున్న. నీకు గూడ చెప్పాలె గద."

నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది. తన తప్పు వెతుక్కుంటూ పోయి నా బతుకుతెరువు నిలబెట్టాడు ఆ మనిషి. కొత్త గొట్టం వేశారు. ఆ సాయంత్రమే నిమ్మకాయలన్నీ తెంపేశాను. పిల్లను ఎక్కించుకుని వనస్థలిపురం దాకా తిప్పుకొచ్చాను. బండి మళ్ళీ ఏనాడూ ఆగలేదు.

శనివారం ఆయన్ని అదే బండిలో తీసుకెళ్ళి, మట్టి వేసి, ఒక్కణ్ణే తిరిగొస్తూ మూడో స్తంభం దగ్గర నేనే ఇంజిన్ ఆపాను. ఒక్క నిమిషమే. ట్రాఫిక్ బాగానే ఉంది. అద్దంలోకి చూశాను. బస్సులు, ఆటోలు, స్కూటర్లు, అన్నీ ఇరవై అంగల వెనక ఒకే చోట నెమ్మదించి, పక్కకు తప్పుకుని పోతున్నాయి. ఆ చోట ఎవరూ లేరు. ఆగిన బండికి వేయాల్సిన వెనక లైట్లు నేను వేయనే లేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.