ఎండుచేప వండుకోనిచ్చే గది

మా కాలేజీలో పేదపిల్లల చదువుకు సాయంచేసే నిధి ఒకటుంది. ఊరు విడిచి వచ్చి గదుల్లో ఉండే పిల్లలకు నెలకు ఎంతవుతుందో అంచనా వేసి కమిటీ ముందు పెట్టడం ఆఫీసులో నా పని. ఎచ్చెర్ల చుట్టుపక్కల నాలుగిళ్లకు ఫోన్ చేసి, అన్నిటికంటే తక్కువ అద్దె రాయాలి, అదీ కమిటీ పద్ధతి. కుర్చీలో కూర్చుని అయ్యే పనికి ఎండలో తిరగమంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆ ఏడు ఎకనామిక్స్ మేడమ్, ఇల్లిల్లూ తిరిగి చూడాల్సిందేనని పట్టుబట్టి నన్ను బయల్దేరదీశారు. ఆవిడది తరాలుగా గుడిసేవ చేసే కుటుంబం. స్టాఫ్‌రూములో ఎవరైనా చేపలకూర క్యారేజీ విప్పితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయేవారు. అలాంటి మనిషి మొదటింటి గుమ్మంలో అడిగిన మాటకు నాకు మతిపోయింది.

“అమ్మా, మీ గదిలో పిల్లలు ఎండుచేప వండుకోవచ్చా?”

తర్వాత టీ తాగుతూ సంగతి చెప్పారు. నౌపడ వైపు నుంచి, సముద్రం మీద వేటకెళ్లే ఇంటి నుంచి వచ్చిన పిల్ల ఆవిడ క్లాసులో ఉంది. ఇంటి నుంచి బియ్యం, ఎండుచేపలు వస్తాయి. మేం రాసిన అద్దెకు దొరికే ఇళ్లలో మాత్రం చేప పొయ్యెక్కనివ్వరు. సంచినిండా తిండి పెట్టుకుని రోజూ కర్రీ పాయింటులో కూర కొనుక్కుంటోంది. మేమిచ్చేది చాలక, చదువు మానేసి ఇంటికి పోతానంటోందట.

ఇక చూడాలి ఆవిడ తిరుగుడు! నేను గొణుగుతుంటే “మీరు ఆటోలో కూర్చోండి, నేనెళ్లొస్తాను” అనేవారు. ఆ మాటతో నేనూ ఆటో దిగక తప్పేది కాదు. ఒకింటావిడ మేడమ్‌ని ఎగాదిగా చూసి, “సూస్తే ఉల్లిపాయైనా ముట్టేలా లేవు, నీకేటమ్మా ఈ సేపల గోల?” అని నవ్వింది.

“నాక్కాదమ్మా, మా పిల్లకి.”

“అయితే పెరట్లో పొయ్యి ఉన్నాది, వండుకోమను. అద్దె మాత్రం తగ్గించను.”

అన్నిటికంటే తక్కువది కాకపోయినా, కమిటీలో అదే అద్దె రాసి పెట్టాం. ఒక పెద్దాయన విసుక్కున్నారు. “చదువుకోడానికొచ్చిన పిల్ల నాలుగేళ్లు చేప మానేస్తే ఏం పోయింది?”

నాకు గట్టి మాటే నోటిదాకా వచ్చింది. ఈలోగా మేడమ్ మెల్లగా అందుకున్నారు.

“పరీక్ష డ్యూటీకి నేను ఏ ఊరెళ్లినా, నా కోసం వేరే గిన్నెలో వండించి పెట్టారండీ. మీ తిండి మానుకోండని నాతో ఎవరూ అనలేదు. ఆ పిల్లతో ఎందుకనాలి?”

మేం రాసిన అద్దే ఖాయమైంది. ఆ పూట ఆవిడను చూస్తే సొంత అక్కను చూసినంత గర్వం కలిగింది నాకు.

పిల్ల చదువు మానలేదు. ఆ పెరటి గదిలోకి మారాక ఒక సాయంత్రం చూడ్డానికి వెళ్లాం. పొయ్యి మీద ఎండునెత్తళ్లు వేగుతున్నాయి. మమ్మల్ని చూడగానే కంగారుగా మూత వెతుక్కుంది.

“వాసనొస్తాది మేడమ్, మీరు బయట కూకోండి.”

“ముందు అవి మాడిపోకుండా చూడు” అంటూ మేడమ్ పొయ్యి పక్కకే పీట లాక్కుని కూర్చున్నారు. పొగకో, వాసనకో ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. కొంగు మాత్రం ఒళ్లోంచి ముక్కు దాకా రాలేదు.