నా కాగితానికి అతను పడ్డ మాటలు

షుగరు నాకు పదేళ్లుగా ఉంది. కళ్లకో కాళ్లకో ఎసరు పెడుతుందని భయపడ్డాను గానీ, చెప్పుకోలేని చోటికి వస్తుందనుకోలేదు. ఒంటేలుకు వెళ్లాలంటే ప్రాణం పోయేది. నరసరావుపేటలో డాక్టరు చూసి, ముందరి చర్మం బిగుసుకుపోయింది, తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే మూత్రం పూర్తిగా ఆగిపోతుందన్నాడు. అంటే సున్తీయే కదా! నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో హెర్నియా అని చెప్పాను. తోడుగా పక్కింటతన్ని రమ్మన్నాను. మాచవరంలో బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కు. రెండేళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. అతనికీ హెర్నియా అనే చెప్పాను. చిన్నప్పుడు అతనికి సున్తీ చేసి, మెడలో పూలదండ వేసి పెళ్లికొడుకులా కూర్చోబెడితే, గేలి చేసినవాళ్లలో నేనే ముందున్నాను. ఇప్పుడు ఏ మొహంతో నిజం చెప్పను?

ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య కార్డుల కౌంటర్ దగ్గర నిలబడలేక బెంచీ మీద కూలబడ్డాను. డాక్టరు కాగితం మడిచి అతని చేతికిచ్చి లైన్లోకి పంపాను. కౌంటర్లో అమ్మాయి కాగితం చూసింది, అతని టోపీ చూసింది.

"సున్తీలకి కార్డేంది బాబాయ్? మీ ఆచారాలక్కూడా గవర్నమెంటే కట్టాలా? జబ్బయితేనే వర్తిస్తది!" అంది, లైనంతా వినపడేలా.

ఎవరో కిసుక్కుమన్నారు. అతను వెనక్కి తిరిగి నా వంక చూశాడు. సంగతి అర్థమైపోయింది. నాలుగడుగుల దూరం. "అది నాదమ్మా" అంటే సరిపోయేది. నేను చెప్పు సరిచేసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

"జబ్బేనమ్మా, షుగరు వల్ల. కింద డాక్టరుగారు రాశారు, చూడు," అన్నాడతను కాగితం మీద వేలు పెట్టి చూపిస్తూ.

"మీకు చిన్నప్పుడే చేస్తారు గదా?" అందామె. ఈసారి చాలామంది నవ్వారు. అతను కాగితాన్ని మళ్లీ ఆమె ముందుకు జరిపాడు. "సర్లే, కార్డియ్యి," అందామె.

కార్డు నా జేబులో ఉంది, దాని మీద నా ఫొటో ఉంది. లేచి ఇవ్వక తప్పలేదు. నవ్వులు ఆగిపోయాయి. ఆమె గొంతు తగ్గించింది.

"మీకా సార్? కారణం రాశారుగా, వర్తిస్తది. మీరు కూర్చోండి, నేను చూసుకుంటా."

అదే కాగితం, అదే కారణం. ఆమె మీద ఒళ్లు మండింది గానీ, కోప్పడే అర్హత నాకెక్కడిది? అతనికి ఆమె సారీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు ఆటోలో తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాడు.

"హెర్నియా పెద్దదేనంట వదినా, నెల రోజులు బరువులెత్తనీయమాకండి," అన్నాడు మా ఆవిడతో. ఆమె టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

"కౌంటర్లో ఆ పిల్ల అన్నదానికి నాకేం లేదన్నా," అన్నాడు మెల్లగా. "నాకెందుకు చెప్పలా? నేను నవ్వుతాననుకున్నావా?"

అలాగే అనుకున్నాను. అతని చోట నేనుంటే నవ్వేవాణ్ణి.