అన్నం పక్కన గ్లాసు

రెండు వారాల కిందట ఫ్యాక్టరీ బస్సులో శ్రీ సిటీకి పోతుండగా అత్త ఫోన్ చేసింది. "అబ్బోడా, మీ మామ పోయినాడురా," అంది. నేను మధ్యలోనే దిగి, రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను.

కాలేయం చెడిపోయి మామ తిరుపతి ఆసుపత్రిలో ఇరవై రోజులు నరకం చూశాడు. ఆయన సొంతూరు వడమాలపేటలో శవాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: "తాగి తాగి సచ్చినాడు." అబద్ధమేమీ కాదు. కానీ నాకు తెలిసినవాళ్ళలో తాగడం ఎలాగో తెలిసిన మనిషి ఆయనొక్కడే. అది చెబుదామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఇటలీలో పాదువా అనే ఊళ్ళో, ఒక హోటల్ వంటింట్లో ఇరవై ఏళ్ళు పని చేశాడు. మా కంపెనీ నన్ను మూడు నెలల శిక్షణకు అటువైపే పంపితే ఆయన గదిలోనే దిగాను. మొదటి రోజు ఆయన్ను సంతోషపెడదామని, పెద్ద అంగట్లో బంగారు రంగు కాగితం అంటించిన వైన్ బాటిల్ ఒకటి కొనుక్కొచ్చాను. మామ పడీ పడీ నవ్వాడు.

"సీర సూసి పెండ్లికూతుర్ని ఖాయం సేసినావు గదరా అల్లుడా!"

మర్నాడు కడిగిన ఖాళీ సీసాలు రెండు సంచిలో వేసుకుని నన్ను వీధి చివరి కొట్టుకు తీసుకెళ్ళాడు. అక్కడ వైన్ పెద్ద పెద్ద పీపాల్లో ఉంటుంది. మనం నూనెకు డబ్బా పట్టుకెళ్ళినట్టు ఆ ఊరివాళ్ళు సీసాలు పట్టుకెళ్ళి నింపించుకుంటారు. కొట్టుముసలాయన ముందు ఈ పూట ఏం వండుకుంటున్నారని అడిగాడు. మామ చేపల కూర అన్నాక, దానికి తగిన పీపా తిప్పాడు.

తర్వాత అక్కడే నిలబడి తలా ఒక చిన్న గ్లాసు తీసుకున్నాం. పక్కన రొట్టెముక్క, దానిమీద ఉడికిన గుడ్డు. నేను కళ్ళు మూసుకుని గటగటా ఒక్క గుక్కలో తాగేసి, మూతి తుడుచుకుని, వెనక్కి తిరిగి చూశాను. కొట్టంతా నన్నే చూస్తోంది. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈడ ఎవురూ తరుముకోని రారురా. మెల్లగా తాగు. గ్లాసును కాదు, ఎదురుగా ఉండే మనిషిని సూసి తాగల్ల."

ఆ మూడు నెలల్లో ఆయన రెండో గ్లాసు పోసుకోవడం నేను చూడలేదు. అన్నం లేకుండా మొదటిదీ ముట్టలేదు. "కూటితో తాగితే అదీ కూడే అల్లుడా. ఉత్త కడుపుతో తాగితే ఇసం," అనేవాడు.

మోకాళ్ళు అరిగిపోయాక ఊరికి వచ్చేశాడు. ఇంట్లో అత్త ఒకటే చెప్పింది. "ఏడుకొండలవాడి పటముండే ఇంట్లో ఆ పాడు నీళ్ళు దించితే నేను బాయిలో పడతా." ఆమె శనివారం ఒక్కపొద్దుండే మనిషి, ఆమెను తప్పుపట్టను. నా సంగతి వేరు. ఇటలీలో ఆయన చేత్తో పోయించుకుని తాగినవాణ్ణి నేను.

నాలుగేళ్ళ కిందట మామ తిరుపతిలో మా ఇంటికి వచ్చాడు. నా భార్య అన్నం వడ్డించింది. మామ సంచిలోంచి వైన్ బాటిల్ తీసి, "రెండు గ్లాసులు తేరా," అన్నాడు, పండక్కి వచ్చినంత సంబరంగా. నేను ఆ బాటిల్ తీసి మళ్ళీ సంచిలో పెట్టేశాను.

"పిల్లోళ్ళు ఉండారు మామా. పక్కింటోళ్ళు సూస్తే ఏమనుకుంటారు?"

నా నోట్లో మన్ను పడ! ఆ మాట ఎట్లా వచ్చిందో. మామ తలొంచుకుని అన్నం తిన్నాడు. గడప దాటేటప్పుడు మాత్రం, "సరేలే, కూటి కాడ వద్దంటే ఇంగ యాడన్నా తాగొచ్చులే," అన్నాడు.

తర్వాత బ్రాందీ అంగడి వెనక గోడచాటున క్వార్టర్ బాటిల్ ఎత్తడం నేర్చుకున్నాడు. నేను పాదువాలో తాగినట్టే, కళ్ళు మూసుకుని, ఒక్క గుక్కలో. తిండి లేదు, ఎదురుగా మనిషీ లేడు. మా అందరికీ తెలుసు. మా కళ్ళబడనంత కాలం మాకు పరువు దక్కిందనుకున్నాం.

మొన్న పదకొండో రోజు కర్మ. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టడం మా ఆచారం. తెల్లారగానే అత్త నన్ను పిలిచి, "మీ మామ తాగేది ఉండాదే, ఆ వైనంట, ఒకటి తెచ్చిపెట్టు నాయనా," అంది. తెచ్చాను. ఏడుకొండలవాడి పటం కిందే మామ ఫోటో పెట్టారు. వేడన్నం, చేపల పులుసు వడ్డించి, అత్తే తన చేత్తో గ్లాసు నింపి ఆకు పక్కన పెట్టింది. నేను ఆకు ముందు కూర్చోబోయాను.

"లెయ్యి నాయనా. అందరూ బయటికి రాండి," అంది అత్త. "మనం సూస్తా ఉంటే ఆయన ముట్టడు."

ఆమె తలుపు దగ్గరికి వేసింది. మేమంతా వాకిట్లో ఎండలో నిలబడ్డాం. లోపల అన్నం, గ్లాసు, మామ ఒక్కడే.