మామ పేరెత్తిన కోడలు

మాలినేయో అన్నది పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు కాదు. ఆఫ్రికాలోని లెసోతో కొండల్లో కోడలు గడప దాటి రాగానే అత్తింటివాళ్ళు పాత పేరు తీసేసి, పుట్టబోయే లినేయోకి అమ్మ అని కొత్త పేరు తగిలించారు. ఆమె పేరు వాళ్ళ ఇష్టం. మామ పేరు మాత్రం ఆమె నోట రాకూడదు. ఈ న్యాయం ఎవరు రాశారో గానీ, కోడళ్ళు మాత్రం రాయలేదు.

ఆ మామ బంగారు గనుల్లో సత్తువంతా ధారపోసి దగ్గుతో తిరిగొచ్చాడు. క్షయ అన్నారు. నెలల తరబడి బిళ్ళలు మింగుతూనే ఉన్నాడు, చిక్కిపోతూనే ఉన్నాడు. మందుకు లొంగని రకమేమో చూద్దాం, కఫం పట్టుకు రమ్మంది నర్సు. ఆసుపత్రికి కొత్తగా వచ్చిన యంత్రం క్రిమి జన్యువునే చదివి, పూట తిరక్కుండా సంగతి తేల్చేస్తుందట.

మాలినేయో డబ్బా పట్టుకుని కొండ దిగింది. కౌంటర్లో ఇది ఎవరిదని అడిగితే, లినేయో తాతది అంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అంది. వెనక వరుసలో ఊరి ముసలమ్మలున్నారు మరి. గుమాస్తా విసిగిపోయి, చెవినపడ్డ ఒక్క పేరూ డబ్బా మీద రాసి పడేశాడు.

యంత్రం పూటలో తేల్చినా కబురు కొండెక్కడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆరోగ్య కార్యకర్త గుర్రమెక్కి వచ్చింది. లినేయోకి మందుకు లొంగని మొండి క్షయ అట, వెంటనే తీసుకురావాలట. నాలుగేళ్ళ పిల్ల మొక్కజొన్న కండె కొరుక్కుంటూ తల్లి ముఖంలోకి చూసింది. లోపల కంబళి కింద ముసలాయన, పనిచెయ్యని బిళ్ళ మింగి దగ్గుతున్నాడు.

తప్పెక్కడ జరిగిందో మాలినేయోకి తెలిసిపోయింది. ఒళ్ళు మండింది.

"ఆ కఫం పిల్లది కాదు, మా మామది. ఆయన పేరు సెఖోన్యానా," అంది.

అత్తగారు కలుపుతున్న గరిటె వదిలేసింది. "నోరు కడుక్కో. మామ పేరెత్తే కోడలు ఈ ఇంట్లో ఇంతవరకు అడుగుపెట్టలేదు."

"పేరు దాచుకుంటే మనిషి దక్కడు అత్తా. రేపు కౌంటర్లో కూడా ఎత్తుతా, నలుగురూ వినేట్టు. ఆచారం తప్పానని గొర్రెను జరిమానాగా వేస్తారా, వేసుకోండి."

అన్నంత పనీ చేసింది. మామను గుర్రం మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళి, ముసలమ్మల వరుస ముందే ఆయన పేరు చెప్పింది. ఎవరో నాలుక చప్పరిస్తే వెనక్కి తిరిగి ఇంకోసారి చెప్పింది. మధ్యాహ్నానికల్లా యంత్రం అదే మాట తేల్చింది. ఇన్నాళ్ళూ మింగిన మందుల్లో ముఖ్యమైనదానికి ఆ క్రిమి లొంగదు. మందులు మార్చారు. పిల్లను కూడా పరీక్ష చేసి, ఏమీ లేదని పంపేశారు.

ఆదివారం వంశపెద్దలు జరిమానా తేల్చడానికి వాకిట్లో కూర్చున్నారు. సెఖోన్యానా ముక్కుకు గుడ్డ కట్టుకుని దూరంగా గోడకు ఆనుకున్నాడు. మామ కోడలి ముఖం సూటిగా చూడకూడదని కూడా ఆచారం ఉంది. ఆయన చూశాడు.

"అమ్మాయ్, రేపట్నుంచి మందిచ్చేటప్పుడు నన్ను పేరు పెట్టి పిలువు. నేను పలకని రోజున ఆ పేరు వీళ్ళకిచ్చెయ్, దాచుకుంటారు."

గొర్రె మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే ఆ పేరు లోయ అవతలి ఇళ్ళదాకా వినబడింది, దాని వెనకే ఓ ముసలి గొంతు పలికింది.