ప్రాసెసర్ నాడి దొరికింది

నేను రాస్తున్న చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్రాసెసర్ వేగం తెలియాలి. గడియారం చిప్‌లో సెకను మారేలోపు ప్రాసెసర్ ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టాను. మూడు రోజులుగా ప్రతిసారీ వేరే అంకె.

ఈ రోజు నాయినను మొగుళ్లపల్లి దవాఖానకు తీసుకెళ్లాను. నర్సు షాహీన్ అక్క నాడి చూడ్డానికి ఆయన చేయి పట్టుకుని, గోడ గడియారం చూస్తూ ఊరకే నిలబడింది.

"లెక్కవెడ్తలేవేంది అక్కా?"

"జర ఆగు తమ్మీ. ముల్లు పన్నెండు మీదికి రావాలె. నడుమల షురువు చేస్తే మొదటి సెకను సగమే పడ్తది."

నేను చేస్తున్నది సరిగ్గా ఆ తప్పే! ఇంటికొచ్చి, సెకను మారేదాకా ఆగి లెక్క మొదలుపెట్టేలా మార్చాను. పదిసార్లు నడిపినా అంకె కదల్లేదు.

కోడ్‌లో అలా ఆగే ఫంక్షన్‌కు 'జర ఆగు' అని పేరు పెట్టాను. మీరైతే ఏం పెట్టేవారు?